పురిటికొచ్చిన గూడబాతులు

జగన్నాధం వియ్యంకుడి నెత్తిమీద చేప పడిందని కిందటేడు లక్ష్మణమ్మ పెరటిగోడ మీంచి మా అమ్మతో చెప్పిందట. శ్రీకాకుళం కాలేజీ నుంచి శనివారం బస్సు దిగి నేనింకా చెప్పులు విడవకముందే అమ్మ నాకు చెప్పేసింది. లక్ష్మణమ్మ లెక్కలో అది జానెడు కొరమీను. అమ్మ నోటికొచ్చేసరికి మూరెడైంది. నిజానికది గూడబాతు పిల్ల సగం మింగి కక్కేసిన చిన్న ముక్కేనని తరవాత తెలిసింది గాని, అప్పటికే మూరెడు కొరమీను నాలుగూళ్లు దాటిపోయింది.

ఆ వియ్యంకుడు నరసింగరావు. బొబ్బిలి పక్క ఊరాయన. కోటగోడకి మొదటి రాయి తన ముత్తాతే పెట్టినట్టు మాట్లాడతాడు. తమవైపు పనసచెట్టు వీణై మోగుతుందని, మావైపు చింతచెట్టు రెట్టలు రాలుస్తుందని పెళ్లిపందిట్లోనే అన్నాడు. ఆ వేళ కోడల్ని తీసుకెళ్లడానికొచ్చి, పట్టుకండువా వేసుకుని, జగన్నాధం వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. సరిగ్గా పైన మూడు చింతచెట్లు, వాటి నిండా గూళ్లు. అక్కడ కూర్చోవద్దని చెప్పడం మర్యాద కాదేమోనని ఇంటిల్లిపాదీ ఊరుకున్నారు. పడాల్సింది పడింది. ఆయన తలా, కండువా తుడుచుకుని, ఆ చెట్లు ఉన్నన్నాళ్లూ తన కోడలు ఈ గడప తొక్కదని చెప్పి బండెక్కేశాడు.

ఇప్పుడా కోడలికి, అంటే జగన్నాధం కూతురు చిన్నతల్లికి, ఏడో నెల. తొలి పురుడు పుట్టింట్లోనే పోయాలని తల్లి సుభద్రమ్మ ఆశ. మూలగది అలికింది. బాలింతకి పెట్టే కాయానికి శొంఠీ, పాతబెల్లం కుండలో దాచింది. మెత్తబడ్డ చీరలు ఉతికి గుడ్డలు చింపి మడతలు పెట్టింది. అన్నీ సిద్ధం, పిల్ల ఒక్కతే రావాలి. పిల్ల రావడం చెట్లు పోవడంతో ముడిపడింది.

ముక్కుకింద సంచి వేలాడే ఈ గూడబాతులు ఏ దేశం నుంచి వస్తాయో మా ఊళ్లో ఎవరికీ తెలీదు. చలి మొదలవగానే దిగుతాయి, తంపర చిత్తడినీళ్లలో చేపలు పడతాయి, జగన్నాధం చింతల మీద పిల్లల్ని చేసుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. వాటి వాసన నేను రాయను. దాని ఫలం మాత్రం రాస్తాను. వానపడితే చెట్లకింద నీరంతా సన్నకాలవై అప్పలసూరి మడిలోకి పోతుంది. ఆ మడిలో వరి మనిషి ఛాతీదాకా లేస్తుంది. ఎరువేం వేశావని అడిగితే అప్పలసూరి పైకి చెయ్యి చూపించేవాడు. మేమంతా దేవుణ్ణి చూపిస్తున్నాడనుకునేవాళ్లం.

ఈ ఏడు అమ్మవారి సంబరం ఆదివారమనగా, గురువారం జగన్నాధం చెట్లు కొట్టే జోగయ్యని పిలిపించాడు. జోగయ్య భుజాన గొడ్డలితో వచ్చి, మూడు చెట్ల చుట్టూ తిరిగి, గూళ్లలో పిల్లలున్నాయని చూసి, మీ అమ్మాయికి ఎన్నో నెలని అడిగాడు. ఏడో నెలని జగన్నాధం అన్నాడు. జోగయ్య గొడ్డలి కింద పెట్టేశాడు. ఇంట్లో కడుపుతో మనిషుండగా గూడున్న చెట్టు కొట్టకూడదని మావైపు గట్టి పట్టింపు. కట్టుకున్నవాడైతే ఆ నెలల్లో పాము కనిపించినా పక్కకి తప్పుకుంటాడు.

జగన్నాధం మాటకారి. పెళ్లిచేసి పంపాక పిల్ల ఇంటిపేరు మారిపోయిందనీ, ఆ పట్టింపు అత్తారింటిదే గాని తన ఇంటిది కాదనీ వాదించాడు.

"అలగైతే ఆలింటి మడిసి ఆలింటికాడే పురుడు పోసుకుంటాది. మరి నువ్వు సెట్లెందుకు కొట్టించాల, బావా?" అని జోగయ్య గొడ్డలి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

కూతురు రావాలంటే చెట్లు కొట్టాలి. కూతురు కడుపుతో ఉన్నందుకే చెట్లు కొట్టకూడదు. జగన్నాధం రెండుపూటలు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. చివరికి ఈ పట్టింపులు పట్టని కూలీలను పొరుగూరి నుంచి సోమవారం రప్పిస్తున్నానని వియ్యంకుడికి కబురు పెట్టాడు. చెట్లు పడడం కళ్లారా చూడ్డానికి తానే వస్తానని, కోడల్ని వెంట తెస్తానని అక్కడి నుంచి తిరుగు కబురొచ్చింది. సుభద్రమ్మ సంతోషించిందో ఏడ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. చెట్లకింద మాత్రం ఆరోజు రెండుసార్లు ఊడ్చింది.

ఈ సంగతి చెవిన పడగానే అప్పలసూరి పక్కూరు వెళ్లి గంగుల్ని పట్టుకున్నాడు. తోలుకి తీగ కట్టిన జముకు మోత మీద గంగులు జముకుల కథ చెబుతాడు. ఆదివారం మా అమ్మవారి సంబరానికి కథ అతనిదే. అతని కథలో గొప్ప సుగుణం ఒకటుంది. ఏ ఊళ్లో చెబితే ఆ ఊరి కొండే అమ్మవారు ఎక్కుతుంది, ఆ ఊరి గెడ్డలోనే కాళ్లు కడుక్కుంటుంది. అమ్మవారు తమ గట్టు మీద కూర్చుందని విన్నాక, ఆ గట్టుని పక్క మడివాడు అంగుళం చెక్కలేడు. చెట్లు కథలోకి ఎక్కించమని అప్పలసూరి అడిగాడు. జముకుకి కొత్త తోలు ఇస్తానన్నాడు. మేకతోలేనా అని గంగులు రెండుసార్లు అడిగి ఒప్పుకున్నాడు.

ఆదివారం ఎండ వాలాక కథ. ఊరంతా పట్టే నీడ ఆ చింతల కిందే ఉంది గనక కథా అక్కడే. ఒకరోజు ముందే దిగిన నరసింగరావు ముందు వరసలో కూర్చున్నాడు, ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా గొడుగు వేసుకుని. ఆయన పంతం పుణ్యమా అని చిన్నతల్లి బండిలోనే ఉండిపోయింది. పుట్టిల్లు పది అడుగుల్లో ఉంది. సుభద్రమ్మ పొంగడాలు గిన్నెలో పెట్టుకుని బండికీ వంటింటికీ తిరుగుతోంది.

గంగులు గజ్జె కట్టాడు. వంతపాడే లక్ష్ముడు జముకు తీగ లాగాడు. ఆ వేళ అమ్మవారు నిండుచూలాలై పుట్టింటికి నడిచింది. తంపర దాటింది. అన్నదమ్ములు తలుపు వేసుకున్నారు. వానలో తడుస్తూ మూడు చింతల కిందికొస్తే, పైనున్న గూడబాతులు రెక్కలు విప్పి గొడుగు పట్టాయి. మీరే నా అప్పచెల్లెళ్లు, ఏటేటా ఈ చెట్లమీదికే పురిటికి రండి, మీకు చోటిచ్చిన ఇంట్లో నేనే మంత్రసానినవుతాను అంది తల్లి. మరి గొడ్డలి తెచ్చినవాడికో అని లక్ష్ముడు అడిగాడు. జముకు ఒక్కటే జుమ్మంటూ ఉండిపోయింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. జగన్నాధం నేలచూపులు చూశాడు. సోమవారం పనికని ఒకరోజు ముందే వచ్చి సంబరం చూస్తున్న ఇద్దరు కూలీలు మెల్లగా లేచి గొడ్డళ్లు చంకన పెట్టుకుని తమ ఊరి దారి పట్టారు.

అక్కడ ఆపేస్తే గంగులుకి తోలు, అప్పలసూరికి వరి దక్కేవి. కాని జనం ఏడిస్తే వాళ్లని నవ్వించనిదే గంగులు కథ ముగించడు. అది అతని గురువు నేర్పిన పద్ధతి.

"ఆ పిట్టల తొలి పెసాదం ఎవుల నెత్తిమీద పడిందో ఎరికేనేటి, లక్ష్ముడా?"

"నాకేటెరిక బావా, ఎవుల నెత్తినేటి?"

"ఎతికి సూడు. పెసాదం మల్లీ పడిపోద్దని గొడుగేసీసుకున్నాడు."

ముందు పిల్లలు నవ్వారు. తరవాత ఊరంతా నవ్వింది. జగన్నాధానికి కూడా నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకోబోయాడు గాని కుదరలేదు. అప్పలసూరి తువ్వాలు మొహమ్మీద కప్పుకున్నాడు.

నరసింగరావు లేచి నిలబడ్డాడు. ఊరు నవ్వు ఆపింది.

"కూలోళ్లు పోతే పోనీ. రేపు మా ఊరినుంచి నానే మడుసుల్ని తోలుకొస్తాను. మూడు సెట్లూ నేలమీద పడాల. నేదంటే నా కోడలికి పుట్టిల్లు నేదు. బండి కట్టండ్రా."

సుభద్రమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. పాలేరు ఎద్దుల పలుపులు విప్పాడు. గంగులు జముకు వెనక్కి తప్పుకున్నాడు. మన ఇంటి చెట్లు కదా, నేనే కొట్టించేస్తానని జగన్నాధం ఏదో నసుగుతున్నాడు. ఆ మాట ఎటు పోయిందో ఎవరూ వినలేదు, ఎందుకంటే బండిలోంచి చిన్నతల్లి దిగుతోంది. ఒక చెయ్యి చక్రం మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని మెల్లగా దిగింది. కథకుడి పక్కనుంచీ మావ పక్కనుంచీ నడిచి, తల్లి చేతిలోంచి ఒక పొంగడం తీసుకుని, పుట్టింటి గడప మీద కాలు పెట్టి, అప్పుడు వెనక్కి తిరిగింది.

"మావా, ఆ పిట్టపిల్ల నీ కండువా మీద ఒక్కపాలి కక్కింది. పుట్టబోయే నా గుంటడు నీ ఒళ్లో రోజుకి నాలుగుపాల్లు కక్కుతాడు. అప్పుడు నన్ను కూడా మొదలంటా నరికించేస్తావేటి?"