పతకాల మీద వరి

తార్నాకలో కొండయ్య పొద్దున లేవగానే చేసే పని ఒకటే. గోడకు తగిలించిన రెండు పతకాలు దించి, చింతపండు పెట్టి తోమి, గుడ్డతో తుడిచి మళ్ళీ తగిలిస్తాడు. ముప్పై ఒకటిలో బర్మా రైతులు తిరగబడితే, తెల్లదొరల పటాలంలో వెళ్ళి అణిచివచ్చినందుకు ఇచ్చినవవి. తుపాకీతో మీదికొచ్చిన తిరుగుబాటుదారుణ్ణి ఒంటరిగా ఎదుర్కొని చంపాడని పతకాలతో ఇచ్చిన కాగితంలో ఉంది. ఇంటిల్లిపాదికీ అది కంఠతా వచ్చు.

తొలకరి పడిందంటే ఆ పతకాల మీద వరి మొలుస్తుంది. మొలిస్తే మొలిచింది, ఎవరికేం నష్టం? పక్కింటి లచ్చవ్వ కొడవలి తెచ్చి కోసుకుపోయి బర్రెకు వేస్తుంది. "గీ గడ్డి తిన్నంక మా బర్రె పాలు చిక్కగైతున్నయి" అంటుంది.

లచ్చవ్వ కొడుకు సత్తయ్య యూనివర్సిటీలో చదువుతున్నాడు. కొండయ్య కొడుకు పెద్దన్నా అతనూ చిన్నప్పటి జోడీ. పెద్దన్నకు చదువు అబ్బలేదు గానీ, నాయన పతకాలు చూపిస్తే పోలీసు ఉద్యోగం ఇట్టే వచ్చింది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని క్యాంపస్ అంతా లేచింది. ఊరేగింపుల్లో సత్తయ్యది ముందు వరస. కర్ఫ్యూ పెట్టారు. పది రోజులు లచ్చవ్వ గడప దాటలేదు. కోసే దిక్కులేక వరి వెన్ను తీసి, పండి, గోడ మీంచి నేలకు వంగింది.

పదకొండో నాడు పెద్దన్నకు మొదటిసారి తుపాకీ డ్యూటీ పడింది, ఆర్ట్స్ కాలేజీ దగ్గర. కొండయ్యకు భయం పట్టుకుంది. వీడూ తనలాగే ఒక పతకం తెచ్చుకుంటాడేమో, అదీ సత్తయ్యను కాల్చి! వద్దనాలంటే ముప్పై ఎనిమిదేళ్ళ నాటి సంగతి చెప్పాలి. చెప్పకుండా కొడుకు బూట్లు తుడుస్తూ కూర్చున్నాడు. పిరికివాడు, ఆ మాట అనక తప్పదు.

కొత్త పనికి పోయేవాడికి పెరుగన్నం పెట్టి పంపడం కడప నుంచి వాళ్ళు తెచ్చుకున్న ఆనవాయితీ. ఇంట్లో గింజ లేదు, అంగళ్ళు మూత. కొండయ్య భార్య లక్ష్మీదేవి ఏం చేస్తుంది పాపం, గోడ మీది వరే పీకి, దూసి, దంచి, కొడుక్కి పిడికెడు బియ్యం వండింది.

పెద్దన్న బెల్టు బిగించుకుని పీట మీద కూర్చున్నాడు. మొదటి ముద్ద మింగాడు. ఎన్నడూ చూడని వరిమడి ఒకటి కళ్ళ ముందు కదిలి, రెండోది చేతిలోనే ఆగిపోయింది.

"నాయనా, బర్మాలో ఆయప్ప చేతిలో ఉన్నింది తుపాకీ కాదు గదా. కొడవలి గదా" అన్నాడు.

కొండయ్యకు ఇన్నేళ్ళు రాని ఏడుపు వచ్చింది.

"కోత కోస్తా ఉన్న్యాడు రా. నన్ను చూసి లేసి నిలబడినాడు, అంతే."

పెద్దన్న తన చేతిలో ముద్ద తండ్రి నోటికి అందించాడు. కొండయ్య తిన్నాడు. మెతుకు మిగల్చకుండా ఇద్దరూ తిన్నాక, పెద్దన్న చెయ్యి కడుక్కుని, బెల్టు విప్పి గోడకు తగిలించాడు. వారంలో ఉద్యోగం ఊడింది.

కర్ఫ్యూ సడలించిన సాయంత్రం లచ్చవ్వ కొడవలి పట్టుకుని వచ్చింది. వెనకే తలకు కట్టుతో సత్తయ్య. ఆర్ట్స్ కాలేజీ దగ్గర కాల్పులప్పుడు పోలీసుల వరసలో ఒక మనిషి తక్కువున్న చోటు కనిపిస్తే, ఆ సందులోంచే బయటపడ్డానని చెప్పాడు. పెద్దన్న జరిగి పక్కన చోటిచ్చాడు.

లచ్చవ్వ పతకాల వైపు చూసింది. వాటి మీద పరక లేదు.

"గడ్డేది కొండన్నా?"

"ఈసారి మేమే తింటిమి లచ్చవ్వా" అన్నాడు కొండయ్య.