పల్లపు మూల గుంట

బోరు వేసే లారీ చేని కయ్యలోకి తిరిగే చోట యశోదమ్మ కొంగు నడుముకు బిగించి నిలబడింది. డ్రైవరు ఎంత హారన్ కొట్టినా కదల్లేదు.

"పక్కకు రామ్మే, అందురూ సూస్తా ఉండారు," అన్నాడు ఆమె భర్త ధనంజయ.

"సూడనీ. ఉండే బోర్లన్నీ గాలి కక్కతా ఉంటే ఇంకో బొక్క ఎందుకు? భూమిలో నీళ్లుంటే గదా పైకొచ్చేది! లారీ లోపలికి రావాలంటే నా మిందనే రావాల."

2003 ఎండాకాలం అది. పాకాల చుట్టుపక్కల ఏటికేడు వానలు మొహం చాటేస్తున్నాయి. ధనంజయ వేసిన చెరుకు నిలువునా ఎండి, పశువుల మేతకు కూడా పనికిరాకుండా పోయింది. అయినా చెరుకు రైతు అనిపించుకోవడం మీద అతనికి మమకారం చావలేదు. ఇంకాస్త లోతుకు పోతే నీళ్లు పడతాయని అన్న గంగాధరం ఎగదోశాడు.

లారీ వెనక్కి తిరిగిపోయింది. ధనంజయ భార్యతో మాట మానేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె గడ్డపార తీసుకుని చేను పల్లపు మూలకు పోయింది. వాన పడ్డప్పుడల్లా నీళ్లన్నీ ఆ మూల నుంచే వంకలోకి జారిపోతాయి. అక్కడ గుంట తవ్వి వాటిని ఆపాలని ఆమె పట్టు. పక్క చేను కుప్పమ్మ మట్టి తట్టలు మోయడానికి తోడొచ్చింది.

గంగాధరం వచ్చి చూసి నవ్వాడు. "పంట పండే కయ్యలో ఎవరన్నా గుంట తవ్వతారా? వానే లేకుంటే దాంట్లో ఏం పోస్తావు యశోదా?"

"వాన రాకుండా పోదు బావా. వస్తే ఒక్క పూటలో కొట్టేసి పోతా ఉండాది. ఆ పూట దాన్ని పట్టుకోవాల, అంతే."

ధనంజయ రోజూ గట్టు మీద కూర్చుని ముఖం తిప్పుకునేవాడు. గట్టినేల తగిలి ఆమె అరచేతులు బొబ్బలెక్కిన రోజు మాత్రం లేచి వచ్చి గడ్డపార లాక్కున్నాడు. "ఈ పక్క రాయి ఉండాది. నువ్వు లెయ్యి," అన్నాడు. ఇద్దరి మధ్య మౌనం అలా తెగింది.

కార్తీకం ముందు ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది. గుంట నిండేకొద్దీ, తవ్విన మట్టితో దాని చుట్టూ కొత్తగా వేసిన కట్ట ఒకచోట కోసుకుపోసాగింది. యశోదమ్మ ఆ గండిలో వీపు ఆనించి కూర్చుండిపోయింది.

"లెయ్యి, కొట్టుకపోతావు!" ధనంజయ కేకేశాడు.

"నేను లేస్తే నీళ్లు పోతాయి. నువ్వు మట్టెయ్యి!"

అతను ఎండిన చెరుకు ఆకు, మట్టి కలిపి కూరాడు. కుప్పమ్మ తట్టలందించింది. ఆవును తోలుకుపోతున్న గంగాధరం దాన్ని అక్కడే వదిలేసి, పార పట్టుకుని బురదలోకి దిగాడు. కట్ట నిలబడింది.

తెల్లారి ఎర్రటి నీళ్లను చూసి ధనంజయ మురిసిపోయాడు. "ఇన్ని నీళ్లుండాయి గదా, ఈసారి చెరుకు..."

"ఆ పేరెత్తితే నిన్ను గుంటలోకి తోస్తా. రాగి నాటతాము."

ఆ తర్వాత మళ్లీ వాన లేదు. వెన్నులు పాలుపోసుకునే వేళకు గుంట అడుగు కనిపించింది. మిగిలిన నీళ్లను కడవలతో మోసి పోశారు. గింజ గట్టిపడింది. రాశి పెద్దది కాదు గానీ ఇంట్లో సంగటికి లోటు రాలేదు.

కోతలయ్యాక ఇద్దరూ ఎండిన గుంటలోకి దిగి, ఇంకా లోతు చేయడం మొదలుపెట్టారు.

"వచ్చే ఏడు ఇంకా తక్కువ పడతాదేమో," అన్నాడు ధనంజయ.

"పడనీ," అంది ఆమె, తట్ట నెత్తికెత్తుకుంటూ. "పడిందాంట్లో ఒక్క సుక్క గూడా ఈ మూల దాటి పోదు."