గీత కొట్టిన పద్దు

అయినా క్రిములను పెంచే ప్లేటు ఎంతో, ఇంక్యుబేటర్ ఎంతో రాయడం తేలికే, వస్తువుకు ధర ఉంటుంది, మనిషి చెవిలో ఒక మాట వేయడానికి ఎంతవుతుందని రాయాలి, అనుకుంటూ గోదావరి పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది, మందులకు లొంగని క్రిముల మీద ఢిల్లీలో దేశం మొత్తానికీ ప్రణాళిక రాస్తున్నారట, నాందేడ్ జిల్లాకు ఎంత కావాలో ల్యాబ్ డాక్టరుగా ఆమె సాయంత్రంలోగా అంచనా పంపాలి, అందులో మందులు ఎలా వాడాలో ఇంటింటికీ తిరిగి చెప్పడం అన్న పద్దు మీద ఇప్పుడే అడ్డంగా గీత కొట్టింది, పైఅధికారి శంకర్రావు ఫోన్‌లో, మేడం, మాటలకు పైసలెవరిస్తరు, మిషన్లు రాయుండ్రి, మిషనైతే కంటికి కనబడ్తది, అన్నాడు మరి, నిజమే, పెద్ద అంకె చూస్తే ఫైలు కదలదు, మిషనైనా రానీ, అనుకుంటుండగా కరెంటు పోయింది, ఫ్యాను చప్పుడు ఆగగానే గదిలో ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది.

ఎవరూ లేరు, బల్ల, సీసాలు, మూలన ఇంక్యుబేటర్, దాని తలుపు తీస్తే లోపలి వెచ్చదనం ముఖానికి తగిలింది, జ్వరమున్న మనిషి దగ్గరగా వచ్చి ఊపిరి వదిలినట్టు, పై వార్డులో అత్తగారు రఖమాబాయి ఊపిరి కూడా ఇంతే వెచ్చగా ఉంది, పొద్దున నుదుటి మీద చెయ్యి వేస్తే కళ్లు తెరవకుండానే, గోదావరీ, ఇంట్ల దీపం పెట్టిన్రా, అని అడిగింది, లోపలున్న ఈ ప్లేటు ఆవిడదే, ఆవిడ మూత్రంలోని క్రిమిని ఇందులో పెంచారు, మందు అద్దిన కాగితపు బిళ్లలు వరుసగా పేర్చి ఉన్నాయి, మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి చచ్చి ఖాళీ వలయం మిగలాలి, ఏ బిళ్ల చుట్టూ వలయం లేదు, క్రిమి తోడుకున్న పెరుగులా అంచుదాకా పేరుకుంది, బిళ్లలను ఆనుకుని, ఆమె చూస్తుండగానే ఇంకొంచెం జరుగుతున్నట్టు, జరగదు, కళ్ల భ్రమ, ప్లేటును వెలుతురుకు తిప్పింది, రేపటిదాకా ఉంచితే వలయం వస్తుందేమో, రాదు, ఆ సంగతి తనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు, మీ అమ్మకు ఇవ్వడానికి ఇక మందు లేదని భర్త రాజమౌళికి ఏ నోటితో చెప్పాలి, భయం వేసింది.

ఎక్కడిదిది, ఆసుపత్రిది కాదు, చేర్చిన రోజు పంపిన మూత్రంలోనే ఉంది, ఇంటి నుంచే వచ్చింది, ఇల్లు అనగానే దేవుడి గూట్లోని కుంకుమ భరిణె గుర్తొచ్చింది, అత్తగారికి ధర్మాబాద్ పుట్టింటి నుంచీ అలవాటు, జరం దిగినంక మందెందుకు, మందు లక్ష్మి లెక్క, పారేయొద్దు, అంటూ మిగిలిన మాత్రలన్నీ అందులో దాస్తుంది, గల్లీలో ఎవరు మూలిగినా ఆ మూత తెరుచుకుంటుంది, పక్కింటి విమలాబాయి వస్తే, ఇగో రెండేస్కో, తగ్గితే మిగిలింది తెచ్చియ్యి, అంటుంది, కుంకుమ అంటి అన్నీ ఎర్రగానే ఉంటాయి, ఏది ఏ రోగానిదో ఎవరికీ తెలియదు, పెద్దావిడతో వాదమెందుకని గోదావరి నవ్వి ఊరుకునేది, ఆ నవ్వుల మధ్యే ఆవిడ ఒంటి లోపల ఏదో ఒక్కో మందునూ కొద్దికొద్దిగా రుచి చూసి దాని ముఖం గుర్తుపెట్టుకుంటూ వచ్చింది.

ఫోన్ మోగితే ఉలిక్కిపడింది, ఇంటి నుంచి కూతురు శ్రేయ, అమ్మా, నాకు జరమచ్చింది, బాపమ్మ ఇచ్చినట్టే భరిణెలకెల్లి ఒకటేస్కున్న, ఇప్పుడు మంచిగుంది, నువ్వు పరేషాన్ గాకు, విమలాబాయి గూడ రెండు తీస్కపోయింది, అంది సంతోషంగా, అంటే ఆవిడ వార్డులో కళ్లు మూసుకుని ఉన్నా మూత తనంతట తాను తెరుచుకుంటోంది, పాప గొంతు ఎంత తేటగా ఉంది, రేపు అది కూడా మిగిలిన మాత్రలు భరిణెలోనే దాస్తుంది, ఎవరు చెప్పారు దానికి వద్దని, గోదావరి ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో ప్లేటు పట్టుకుని బల్ల మీది కాగితం వైపు చూసింది, తను గీత కొట్టిన పద్దులో మొదటి గుమ్మం తన ఇంటిదే, జిల్లా అంతటికీ లెక్క కట్టిన తను ఆ మాట చెప్పడానికి ఆ గుమ్మం దాకా మాత్రం ఎన్నడూ వెళ్లలేదు.