ఎర్రయ్యమ్మ ఇడ్లీలు మోసిన ఐసు పెట్టె

నేను ఒక థర్మోకోల్ పెట్టెను. తెల్లని పూసలను ఆవిరితో ఉబ్బించి, అచ్చులో అదిమి నన్ను చేశారు. నాలో ఉన్నది చాలావరకు గాలే. ఆ గాలిని కదలనివ్వకపోవడం తప్ప నాకు వేరే విద్య రాదు. నేను వేడి చేయను, చల్లబరచను. లోపలి వేడిని బయటికి, బయటి వేడిని లోపలికి తొందరగా పోనివ్వను, అంతే. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకు ఒక పట్టాన ఎక్కదు.

విశాఖ చేపల రేవులో కొన్నాళ్లు వంజరం చేపలను, ఐసును మోశాను. తర్వాత బోటు కలాసీ దానయ్య నన్ను శుభ్రంగా తోమి, ఎండబెట్టి ఇంటికి తెచ్చాడు. అతని భార్య ఎర్రయ్యమ్మ ఇడ్లీలు అమ్ముతుంది. ఊరవతల పడవలు కట్టే షెడ్డులో ఎనభై మందికి రోజూ టిఫిను కావాలన్నారు. ఆటోలో గంట దారి. మొదటిరోజు ఇడ్లీలు చల్లారితే రెండోరోజు రానక్కర్లేదని మేస్త్రీ ముందే చెప్పేశాడు. బేరాలు పడిపోయి దిగాలుగా ఉన్న ఎర్రయ్యమ్మకు అది పెద్ద ఆధారం.

"ఐసు పెట్టెలో ఎడితే ఇడ్లీలు ఐసైపోవేటి?" అని ఆమె నన్ను పెరట్లోకి నెట్టింది.

దానయ్య మూడు గిన్నెల్లో వేడి ఇడ్లీలు సర్దాడు. ఒకటి ఉత్త స్టీలు క్యారియర్‌లో పెట్టాడు, ఒకదానికి గోనెసంచి చుట్టాడు, మూడోది నాలో ఉంచాడు. గంట తర్వాత ఎర్రయ్యమ్మ వేలు పెట్టి చూసింది. క్యారియర్‌లోవి చల్లారిపోయాయి, గోనెలోవి గోరువెచ్చగా ఉన్నాయి. నాలోవి ముట్టుకుని వేలు వెనక్కి లాక్కుంది. మర్నాడు నన్నే ఆటో ఎక్కించి, దానయ్యతో బయల్దేరింది.

సగం దారిలో నా పక్కన అరచెయ్యి ఆన్చి చూసి నీరుగారిపోయింది.

"పెట్టి చల్లగుంది. ఇడ్లీలు చల్లారిపోనాయి. ఆటో తిప్పీమను."

"మూత తియ్యకే. బయట చల్లగుందంటే లోపలి వేడి బయటికి రానేదనే గదా," అన్నాడు దానయ్య.

ఆమె నమ్మలేదు. అయినా మూతను రెండు చేతులతో నొక్కి పట్టుకుని కూర్చుంది. నాకు నోరుంటే ధైర్యం చెప్పేదాన్ని, జాలేసింది.

షెడ్డు దగ్గర మూత తీయగానే మేస్త్రీ కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకుని, రేపటి నుంచి వంద మందికి తెమ్మన్నాడు. అందరూ ఎర్రయ్యమ్మ పనితనాన్ని మెచ్చుకున్నారు. నన్ను ఒక్కరూ తలవలేదు. కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం.

నాలుగేళ్లకు నా మూలలు విరిగాయి. కొత్త పెట్టె కొనడానికి వెళుతూ ఎర్రయ్యమ్మ కొలత కోసం నన్నూ వెంట తీసుకెళ్లింది. దుకాణదారు తళతళలాడే స్టీలు డబ్బాలో మరిగే నీళ్లు పోసి, "పైన ముట్టుకుని చూడమ్మా, ఎంత వేడిగా ఉందో," అన్నాడు గొప్పగా.

ఎర్రయ్యమ్మ ముట్టుకుని చెయ్యి తీసేసింది.

"వేడంతా నా చేతికొచ్చీసింది బాబూ. ఇంక తినేవోళ్లకేటి మిగుల్తాది?"

ఆ మాట విన్నాక, ఆమె కొత్త థర్మోకోల్ పెట్టె కొనుక్కుని, దుకాణం వెనక చెత్తకుప్ప మీద నన్ను వదిలి వెళ్లినా నాకు బాధ కలగలేదు.