గాంభీర్యానికి చికిత్స

"మా కోడలు నవ్వదమ్మా," అన్నారు అత్తగారు చుట్టాలతో, కాఫీ కప్పు అందుకుంటూ. "చదువుకున్నదాని గాంభీర్యం. ఇకఇకలు, పకపకలు మా ఇంట్లో లేవు."

ఆ కాఫీ కలిపి, తెచ్చి, మళ్లీ ఆ కప్పులన్నీ కడగబోతున్న కోడలు ఆ బిరుదును తలవంచి స్వీకరించింది. రాజ్యాలు గెలిచినవారికి సైతం దక్కని కీర్తి ఆమెకు కేవలం నవ్వకపోవడం వల్ల దక్కింది. ఆమె భౌతికశాస్త్రం బోధించే కాలేజీలో విద్యార్థులు ఆమెకు 'శిలాశాసనం' అని పేరు పెట్టారు. ప్రిన్సిపాల్ ఏరికోరి క్రమశిక్షణ సంఘానికి ఆమెనే అధ్యక్షురాలిని చేశారు. "మా ఆవిడ పెదవి కదిలిందంటే ఆ జోకు గొప్పదన్నమాటే," అని భర్త మిత్రబృందానికి సవాలు విసిరేవాడు.

ఇంతటి మహోన్నత గాంభీర్యానికి మూలం పొత్తికడుపు అడుగున ఉయ్యాలలా పరుచుకున్న కొన్ని కండరాలు. రెండో కాన్పు తర్వాత అవి సడలాయి. తుమ్మినా, దగ్గినా, అన్నిటికన్నా ముఖ్యంగా పగలబడి నవ్వినా మూత్రం చుక్కలుగా జారేది. అందుకని ఆమె ముదురు రంగు చీరలను ఆశ్రయించింది. తుమ్ము రాబోతోందంటే బల్ల అంచు పట్టుకుని, కాళ్లు మెలివేసుకుని, పట్టాభిషేకానికి సిద్ధమైన మహారాణిలా నిశ్చలంగా నిలబడేది. నవ్వును మాత్రం పూర్తిగా త్యజించింది. ఒకసారి ధైర్యం చేసి భర్తకు చెబితే, "పిల్లల్ని కన్న ఆడవాళ్లందరికీ ఉండేదేగా, దీనికీ డాక్టరేనా?" అని విస్తుపోయి, తన జలుబు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి బయల్దేరాడు.

ఆ సాయంత్రమే ఆమె తనకూ అపాయింట్‌మెంట్ తీసుకుంది.

"వ్యాయామాలేమైనా చేశారా, మేడమ్?" అంది ఫిజియోథెరపిస్టు.

"పుస్తకంలో చూసి ఏళ్ల తరబడి చేశాను. ఏం లాభం లేదు."

ఆమె పొట్ట మీద అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి, "ఏదీ, ఇప్పుడు బిగించండి," అని తెర చూసిన ఫిజియోథెరపిస్టు పెదవి కొరుక్కుంది. "మేడమ్, మీరు పైకి లాగట్లేదు. కిందికి తోసేస్తున్నారు!"

బలానికి దిశ రాయని పిల్లలకు నిర్దాక్షిణ్యంగా మార్కులు కోసిన విదుషీమణి ఇన్నేళ్లుగా తన బలాన్ని తలకిందులుగా ప్రయోగిస్తోందన్నమాట. తెర చూస్తూ మళ్లీ ప్రయత్నించింది. ఈసారి ఆ బూడిదరంగు నీడ బుద్ధిగా పైకి లేచింది.

"అదీ! ఇంట్లో సాధనకు చిన్న పరికరం ఇస్తాను. సరిగ్గా బిగిస్తున్నారో లేదో ఫోన్‌లో కనిపిస్తుంది. చాలామందికి దీంతోనే తగ్గుతుంది. తగ్గకపోతే ఇంకా దారులున్నాయి, భయపడకండి."

కొన్ని నెలల తర్వాత అత్తగారి చెల్లెలు చూడటానికి వచ్చారు. తాను ఆఫీసులో పై అధికారిని ఎలా గడగడలాడించాడో భర్త పిన్నికి వర్ణిస్తున్నాడు. ఆ అధికారి ఫోన్ చేస్తే అతను కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడటం కోడలు రోజూ చూసేదే. ఆమె నవ్వింది. పెదవితో కాదు; తల వెనక్కి వాల్చి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. కళ్లలో తప్ప ఇంకెక్కడా తడి లేదు.

"ఏమైంది నీకు, అందరి ముందూ?" అన్నాడు భర్త.

"తగ్గిపోయింది," అంది ఆమె. "ఇన్నాళ్లూ గాంభీర్యం కాదత్తయ్యా. నవ్వితే ఒంటేలు కారిపోతుందని భయం. వైద్యం చేయించుకున్నాను."

"ఛ! హాల్లో చెప్పుకునే మాటలా ఇవి?"

"నువ్వుండరా కాసేపు," అన్నారు అత్తగారు. కొడుకు మాటకు ఆవిడ అడ్డుపడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కప్పు కింద పెట్టి, కొంగు ఒళ్లో సర్దుకున్నారు. "మా అత్తగారూ నవ్వేవారు కాదు. మహా గంభీరమనిషి అనుకునేదాన్ని, నాకు పిల్లలు పుట్టేదాకా." కోడలి వైపు తిరిగారు. "ఈ వయసులో కూడా తగ్గుతుందంటావా?"

కోడలు ఫోన్ తీసి క్లినిక్‌కు కలిపింది. "మా అత్తగారికి అపాయింట్‌మెంట్ కావాలండీ."

సోఫా అటు చివర పిన్నిగారు గొంతు సవరించుకున్నారు.

"ఇద్దరికి," అని సరిదిద్దింది కోడలు.