అరుణశ్రీ కంప్యూటరుకు ఐసు

కళింగపట్నం ఒడ్డున చేపకు ఐసు పెట్టడంలో అసిరయ్యను మించినవాడు లేడు. వేట మానేసి ఎనిమిదేళ్ళయినా, పడవ ఒడ్డెక్కితే పెట్టెలు సర్దడానికి ఇప్పటికీ అతన్నే కేకేస్తారు. కింద చేప, పైన ఐసు, ఐసు మీద రెండు గుప్పిళ్ళ ఉప్పు. అతను మూత బిగించిన పెట్టె ఎంత దూరం పోయినా చేప కన్ను తెల్లబడదు. అలాంటివాడి ఇంట్లోనే ఒక పెట్టె పొయ్యిలా కాలిపోతోంది.

అది కూతురు అరుణశ్రీ కంప్యూటరు. ఆ పిల్లకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. చేపల గంప ఎత్తలేదు, రోజూ బస్సెక్కి పనికి పోలేదు. ఇన్నాళ్ళకు విశాఖపట్నంలో ఒక కంపెనీ ఇంట్లో కూచుని చేసే పని చూపించింది. ఎక్కడో అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు చెవిలో విని, ఉన్నదున్నట్టు టైపు కొట్టాలి. ముందు పరీక్ష పెట్టారు. నలభై ఫైళ్ళు, శనివారం సాయంత్రం అయిదింటికల్లా. దాటితే ఆ పని ఇంకొకరిది. కంపెనీవాళ్ళు పనంతా ఆ ఒక్క కంప్యూటరులోనే ఎక్కించి తాళం వేశారు. వేరే దాంట్లో తెరుచుకోదు.

సోమవారానికి పది అయ్యాయి. మంగళవారం పెట్టెలోని ఫ్యాను కీచుమనడం మొదలెట్టింది. అరగంటకోసారి కంప్యూటరు దానంతటదే ఆరిపోతోంది. నరసన్నపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే మేనల్లుడు ఉమాశంకర్‌కు ఫోను కొట్టారు.

"లోపల ఫ్యాను పోనాది మావా. కొత్తది విశాపట్నం నుంచి రావాల. ఆదివారం తెచ్చి ఏస్తాను. అందాకా సల్లగా ఉంచండి."

"శనివారంతో సరిరా!"

"నానేటి సెయ్యను మావా?"

అరుణశ్రీ పెట్టె పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టింది. వేడి తగ్గింది గాని ఆ హోరులో డాక్టరు మాట వినబడలేదు. పెట్టె కింద పాత వల మడతేసి పెడితే అదురు కాస్త తగ్గింది. హోరు మాత్రం పోలేదు. టేబుల్ ఫ్యాను ఆపి పెట్టె చుట్టూ బొంత కప్పితే చప్పుడు ఆగింది, కాలిన వాసన వచ్చింది.

"గాలెడితే ఇనబడదు, గాలాపితే ఆగిపోతాది. నానేటి సేసేది నాన్నా?" అని ఏడ్చినంత పనిచేసింది పిల్ల.

అసిరయ్య లేచి ఒడ్డుకు పోయి థర్మాకోల్ పెట్టె తెచ్చాడు. చలువ కిందికే దిగుతుందని అతనికి తెలుసు. అందుకని పక్కగదిలో బల్ల మీద బల్ల వేసి, ఆ ఎత్తున పెట్టెను నిలబెట్టాడు. ఐసు కొట్టి నింపాడు, పైన ఉప్పు చల్లాడు. పెట్టెకు ఒకవైపు కన్నం చేసి టేబుల్ ఫ్యాను బిగించి, సందుల్లో గోనెగుడ్డ కుక్కాడు. రెండోవైపు నుంచి లావుపాటి గొట్టం ఒకటి రెండు గదుల మధ్య కిటికీలోంచి ఏటవాలుగా కంప్యూటరు దాకా దించాడు. హోరు అవతలి గదిలో ఉండిపోయింది. ఇవతలకు చల్లటి గాలి ఒక్కటే వచ్చింది.

గుమ్మంలో నిలబడి చూసిన భార్య కూర్మమ్మ బుగ్గ నొక్కుకుంది. "ముప్పయ్యేళ్ళ కాపరంలో నాకు ఇసనకర్రతో ఇసిరినోడు కాడు. దీనికి ఐసు గాలంట, సూడు!"

"నువ్వు మజ్జిలో ఆగిపోవు కదే. నీ నోరు ఎంత ఏడెక్కినా నడస్తాది."

అరుణశ్రీ పకపకా నవ్వింది. పరీక్ష పెట్టిన దగ్గర్నుంచీ ఆ నవ్వు వినబడలేదు.

బుధవారం ఎనిమిది ఫైళ్ళు, గురువారం ఎనిమిది, శుక్రవారం ఎనిమిది. పూటకోసారి అసిరయ్య ఐసు మార్చాడు, ఉప్పు చల్లాడు. ఇంక ఆరే మిగిలాయి.

శనివారం పొద్దున తొమ్మిదింటికి టప్‌మని చప్పుడయింది. తెర నల్లబడింది. పైన లైటు వెలుగుతూనే ఉంది.

అసిరయ్య గొట్టం తప్పించి చూశాడు. దాని అంచున నీటిబొట్టు వేలాడుతోంది. కంప్యూటరు లోపలి పలక మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. రాగి గీతల దగ్గర పచ్చగా చిలుము పట్టింది.

"ఉప్పేటి మావా?" ఫోనులో ఉమాశంకర్ గొంతు లేచింది. "ఐసులో ఉప్పెందుకేసినావు?"

"ఉప్పు పడితేనే కదరా సలవెక్కేది."

"ఆ నీరు గొట్టంలోంచి దానిమీదకి దిగినాది మావా. ఇంక నానొచ్చినా ఏటీ సెయ్యలేను."

చేపల పెట్టెలోనైతే ఆ నీరు చేపను కడుగుతూ అడుగు కన్నంలోంచి పోతుంది. చేపకది మంచిదే. ఇన్నేళ్ళూ తాను చల్లబెట్టినవన్నీ ప్రాణం పోయినవేనని అసిరయ్యకు అప్పుడు తట్టింది. ఇది ప్రాణం ఉన్నది.

గుడ్డతో తుడిచారు. ఎండలో పెట్టారు. మధ్యాహ్నం ఒకసారి, మూడింటికి ఒకసారి మీట నొక్కారు.

"ఇంకోపాలి నొక్కమ్మా."

"నొక్కినాను నాన్నా."

కూర్మమ్మ అన్నం వడ్డించి పిలిచింది. ఎవరూ లేవలేదు. అసిరయ్య విసనకర్ర తెచ్చి ఆ పలకకు విసురుతూ కూచున్నాడు. దేనికి విసురుతున్నాడో అతనికీ తెలియదు. చెయ్యి మాత్రం ఆగలేదు.

అయిదు కొట్టాక ఫోను మోగింది. కంపెనీలో ఆవిడ.

"ముప్పై నాలుగయ్యాయి మేడమ్... లేదండి, మిగతావి అవలేదు..."

ఎందుకవలేదని అవతలావిడ అడిగినట్టుంది. అరుణశ్రీ తండ్రి వైపు చూసింది. నేనే చేశానని చెబుతాను, ఇటియ్యి అన్నట్టు అసిరయ్య ఫోను కోసం చెయ్యి చాపాడు.

ఆ పిల్ల ఫోను ఇవ్వలేదు.

"కరెంటు పోయిందండి," అంది. "పొద్దుట్నుంచీ లేదు."

అవతలావిడ ఇంకేదో అంది. అరుణశ్రీ "సరేనండి" అంది. మళ్ళీ ఇంకోసారి "సరేనండి" అంది.

పక్కగదిలో టేబుల్ ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.