ముగ్గురు దిగకూడని ఫోటో

మా అత్త సరస్వతమ్మకు చచ్చిపోయాక గోడకు వేలాడదీయడానికి ఒక ఫోటో కావాలట. మాకు వదిలేస్తే ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించి దండ వేస్తామట, అందులో తాను కోళ్ళదొంగలా ఉంటుందట. అందుకని బతికుండగానే పట్టుచీర కట్టుకుని, కమ్మలు పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని దిగాలట. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి పుట్టిన కోరిక ఇది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని ఊరుకునేదాన్నే. కానీ ఫోటో అనే మాట ఆమె నోటి నుంచి వస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నా కూతురు ధరణికి ముందు నాకొక కొడుకు పుట్టాడు. కిషోర్. మూడేళ్ళు నిండిన రెండు నెలలకు మెదడువాపు జ్వరం వచ్చి పోయాడు. ఇరవై రెండేళ్ళయింది. ఎర్రమంచిలో మా ఇంటి గోడ మీద కదిరి నరసింహస్వామి ఉన్నాడు, అమ్మవారు చౌడమ్మ ఉంది, పోయిన మామ ఉన్నాడు, ఆయన ఎద్దుల జత కూడా ఉంది. నా కొడుకు లేడు. ఎద్దులకున్న పాటి భాగ్యం వాడికి లేకపోయింది. ఎందుకంటే ఈ మహాతల్లి తీయించనివ్వలేదు. ఐదేళ్ళు నిండని పిల్లలకు ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందట. పోనీ నేనూ మా ఆయన ఆంజనేయులూ, మధ్యలో పిల్లాడూ కలిసి దిగుతామంటే దానికి ఇంకో శాస్త్రం. ముగ్గురు కలిసి ఫోటో దిగితే నడిమి మనిషి పోతాడట. దేవుళ్ళ కాలంలో ఫోటోలు ఎక్కడివి అత్తా, ఏ దేవుడు చెప్పాడీ మాట అని అడిగితే, "నీకేం తెల్సు, గమ్మునుండు" అనేది. మా ఆయన నేను చెప్పకుండానే గమ్మునుండేవాడు. తల్లి ముందు ఆ మనిషికి నోరుందని నాకు ఇప్పటికీ రుజువు దొరకలేదు.

వాడు పోయిన ఏడాదిలోనే ధరణి పుట్టింది. అప్పుడు చూడాలి తమాషా. పురిటిస్నానం కాకముందే పెనుకొండ నుంచి ఫోటోలు తీసేవాణ్ణి పిలిపించింది. బోర్లా పడితే ఫోటో, పాకితే ఫోటో, పన్ను వస్తే ఫోటో. ఆయుస్సు సంగతేమైంది అత్తా అంటే, కాలం మారిందిలే అంది. ఒక్క ఏడాదిలో కాలం మారిపోయింది! ముగ్గురి శాస్త్రం మాత్రం మారలేదు. నేనూ మా ఆయనా ధరణీ నిలబడితే చాలు, నాలుగో మనిషిగా తానే వచ్చి దూరేది. మా ఇంట్లో ఆమె లేని కుటుంబం ఫోటో ఒక్కటి చూపించండి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇప్పుడు ఫోన్లు వచ్చాక ఇక ఆమెకు పట్టపగ్గాలు లేవు. ధరణి ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో పని చేస్తోంది. చీర పరిచి, ఫోటో తీసి, వాట్సాప్‌లో ఊరూరికీ పంపడమే దాని పని. సెలవు దొరికి ఇంటికొస్తే, వాళ్ళవ్వ పౌడరు రాసుకుని కూర్చుంటుంది. గుడికి పోతే దండం పెట్టి, ధరణి తీసిందా లేదా అని వెనక్కి తిరిగి చూస్తుంది. తీయలేదంటే మళ్ళీ పెడుతుంది. పాపం ఆ మొదటి దండాన్ని దేవుడు ఏం చేసుకోవాలో! పెనుకొండ బాబయ్య దర్గాకు పోయినా ఇదే వరస. ఈమె భక్తికి కులం మతం లేదు, వెలుతురు బాగుంటే చాలు.

పోయిన ఆదివారం ధరణి తన అంగడి నుంచి ముదురాకుపచ్చ పట్టుచీర తెచ్చింది.

"కూర్చో అవ్వా, నేనే ఫోన్లో తీస్తా. స్టూడియో యాలకు?" అంది.

"నీ ఫోను ఒద్దు పాపా. హిందూపురంలో పాత మార్కెట్టు సందులో రాఘవేంద్ర అని ఒగాయప్ప ఉండాడు. ఆడికే పోవల్ల" అంది మా అత్త.

బియ్యం చెరుగుతున్న చేట నా చేతిలోంచి జారింది. నూకలన్నీ నేలపాలు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "ఆ స్టూడియోనే యాలకు అత్తా?" అని అడిగేశాను. ఆమె నా వైపు చూడకుండా, "ఆయప్ప బాగా తీస్తాడంట" అంది.

ఇంతవరకూ చెప్పింది నేను అందరికీ చెప్పే కథ. మిగతా సగం మా ఆయనకు కూడా చెప్పలేదు. మా పుట్టిల్లు హిందూపురం. కిషోర్‌కు మూడేళ్ళు నిండాక పిల్లాణ్ణి తీసుకుని పోయినప్పుడు, అత్త కళ్ళు ఇక్కడిదాకా రావు కదా అని, వాణ్ణి ఆ సందులోని స్టూడియోకు తీసుకుపోయాను. పోయే ముందు సబ్బుతో ముఖం కడిగాను. మా అత్త రోజూ వాడి చెంపకు పెట్టే దిష్టిచుక్క, ఫోటోలో మచ్చలా పడుతుందని తడిగుడ్డతో రుద్ది తుడిచేశాను. కాటుక వదలక వాడి చెంప ఎర్రబడింది. గురువారం వచ్చి తీసుకోండని చీటీ ఇచ్చారు. ఆదివారం జ్వరం తగులుకుంది. గురువారానికి ఆసుపత్రిలో ఉన్నాం. ఆ పై గురువారానికి వాడు మట్టిలో ఉన్నాడు.

చీటీని పెట్టెలో, అడుగున పరిచిన పేపరు కింద దాచాను. కొన్నాళ్ళకు చూస్తే లేదు. ఎలుకలు కొరికి ఉంటాయి, చీటీ లేకపోతే ఫోటో ఇవ్వరులే అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. అత్తవి మూఢనమ్మకాలని పదిమందిలో వెక్కిరించే నేను, లోపల ఆమె కంటే గట్టిగా నమ్మాను. నేను ఫోటో తీయించాను, నేను చుక్క తుడిచాను, వాడు పోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ సందులో కాలు పెట్టలేదు. పుట్టింటికి పోయినా చుట్టు తిరిగి పోయేదాన్ని. ఇదీ నా తెలివి. ఇప్పుడు వాడి ముఖం నాకు సరిగా గుర్తుకు రాదు. ముక్కు గుర్తుంది, నవ్వు గుర్తుంది, రెండూ కలిపితే ఇంకెవరి పిల్లాడో అవుతాడు. కన్నతల్లినై ఉండి కొడుకు ముఖం మరిచిపోయిన దాన్ని నేను.

సోమవారం పొద్దున్నే ముగ్గురం పెనుకొండలో బస్సెక్కాం. మా అత్తకు కిటికీ పక్కన సీటు కావాలి, గాలికి పౌడరు మాత్రం పోకూడదు. సోమందేపల్లి దాకా కొంగుతో ముఖం కప్పుకునే కూర్చుంది. వక్కాకు సంచిని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుంది, అందులో ఏదో నిధి ఉన్నట్టు. నాకు మాత్రం ఒకటే భయం. ఆ స్టూడియో ఆయన నన్ను గుర్తుపట్టి, ఫోటో తీసుకుపోలేదేమ్మా అని అడిగితే? మనవణ్ణి చంపుకున్నది నేనేనని అత్తకు తెలిసిపోతే? ఇంకోపక్క, దరిద్రపు ఆశ. వాళ్ళ దగ్గర ఏ మూలనో ఆ ఫోటో ఉండి ఉంటే?

రాఘవేంద్ర నన్ను గుర్తుపట్టలేదు. తల నెరిసిపోయి, ముక్కు చివర కళ్ళజోడుతో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. అప్పట్లో జలపాతం బొమ్మ ఉన్న గోడకు ఇప్పుడు పచ్చగుడ్డ వేలాడుతోంది. మా అత్త కుర్చీలో కూర్చుని అరగంట పెట్టింది. కొంగు సర్దు, కమ్మ కనపడల్ల, ముఖం ఎడంపక్కకు తిరిగితే బాగుంటానా కుడిపక్కకు తిరిగితేనా? నవ్వమంటే నవ్వదు. చచ్చినవాళ్ళు నవ్వకూడదట. అంత శాస్త్రం తెలిసిన మనిషి చచ్చినట్టు ముఖం పెట్టుకుని కూర్చుంటే ధరణి నవ్వాపుకోలేక బయటికి పోయి వచ్చింది.

తీయడం అయిపోయాక ఆమె కుర్చీలోంచి లేవకుండా, "ఏమప్పా, ఒగే పటంలో నా పక్కన ఇంగొగర్ని పెట్టేకి అయితాదా?" అని అడిగింది.

"కంప్యూటర్లో కానిదేముంది అవ్వా. మీ ఇంటాయప్ప ఫోటో తెచ్చినావా?"

"ఆయప్ప కాదులే."

సంచి ముడి విప్పింది. ఆకులు పక్కన పెట్టింది, సున్నం డబ్బీ పక్కన పెట్టింది. అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక కార్డు సైజు ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

కిషోర్. స్టూలు మీద కూర్చుని, బొమ్మ టెలిఫోను చెవికి పెట్టుకుని, అవతల ఎవరో నిజంగా మాట్లాడుతున్నట్టు నోరు తెరుచుకుని ఉన్నాడు. అదీ వాడి ముక్కు, అదీ వాడి నవ్వు, రెండూ కలిస్తే ఇదీ వాడి ముఖం. చెంప మీద ఏమీ లేదు. అంచు నుంచి ఒక చెయ్యి వచ్చి వాడి నడుము పట్టుకుని ఉంది, ఆకుపచ్చ గాజులతో. వాడు పడిపోతాడని నన్ను పట్టుకోమన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కింద కూర్చుండిపోయాను.

"ఇది నీకు యాడిది అత్తా?"

"చీటీ నీ పెట్టెలో దొరికింది, పిల్లోడు పోయిన మూడో నెల్లో. వచ్చి తెచ్చుకుంటి."

"ఇరవై రెండేండ్లు దాచిపెట్టుకుంటివా? నా కొడుకును నాకు సూపకుండా?" నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది. "నువ్వు మనిషివేనా?"

ఆమె తొణకలేదు. "సూపితే ఊరుకుంటావా? ఎదకు కరుచుకోని పండుకుంటావు. సూడు, దాంట్లో నీ చెయ్యి ఉండాది. చెయ్యి ఉంటే మనిషి ఉన్నట్లే. పోయినోళ్ళు, బతికినోళ్ళు ఒగే పటంలో ఉండకూడదు. అప్పుడు నీ కడుపులో ఇది ఉండాది" అని గడ్డంతో ధరణిని చూపింది.

"మల్ల ఇప్పుడు యాలకు తీస్తివి?"

"నేను పోతాండా కదమ్మే. పోయినోళ్ళ పక్కన పోయినోళ్ళు ఉంటే తప్పు లేదు. నా పక్కన ఉంటాడు. గోడకు పెట్టుకోని దినామూ సూసుకో."

విన్నారా ఈ మనిషి తెలివి? నా కొడుకు ముఖం నాకు చూపించడానికి తన చావుదాకా ముహూర్తం పెట్టుకుంది. ఇంత మూర్ఖురాలిని నేను ఈ జిల్లాలో చూడలేదు, చూడబోను. తిట్టాలని నోరు తెరిచాను. తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకున్నది అడిగేశాను.

"నేను ఫోటో తీయిచ్చినట్ల తెల్సు కదా నీకు. దాన్నించే పిల్లోడు పోయినాడని నన్ను ఒగ మాట యాల అనలేదు?"

"అంటే నువ్వు బతుకుతాంటివా?" అంది మా అత్త.

ధరణి ఫోటో చేతిలోకి తీసుకుంది. "అన్న నా మాదిరే ఉండాడు మా" అంది చిన్నగా. తర్వాత అలవాటు చొప్పున ఫోన్ ఎత్తింది. దించమన్నాను. దించేసింది.

రాఘవేంద్ర ఆ కార్డును మిషన్లో పెట్టి తెర మీదికి తెచ్చాడు. మా అత్త పక్కన నా కొడుకు, ఇద్దరి తలలూ ఒకే ఎత్తుకు వచ్చేలా సర్దాడు. చచ్చినట్టు ముఖం పెట్టుకున్న ఆమె పక్కన వాడు ఫోన్లో కబుర్లు చెబుతున్నాడు.

"ఈ చెయ్యి తీసేయల్లనా అక్కా?"

"అదే మొదుట తీసెయ్యప్పా" అంది మా అత్త.

"తియ్యొద్దు" అన్నాను.

"ఏమ్మే, బుద్ధుండాదా? నేను, వాడు, నీ చెయ్యి. ముగ్గురయితారు. నడిమోడు..." ఆమె అక్కడ ఆగిపోయింది.

"నడిమోడు పోయి ఇరవై రెండేండ్లాయ అత్తా. ఇంగెవురు పోవల్ల?"

ఆమె ఆకులు, సున్నం డబ్బీ ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంది. ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. రాఘవేంద్ర మౌస్ మీద చెయ్యి పెట్టి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"సరే, ఉండనీ" అంది చివరకు. "ఒగ పని సెయ్యప్పా. పిల్లోని చెంపకు చుక్క లేదు. రేపు నేను పోతే ఊరు ఊరంతా వచ్చి సూస్తాది, వానికి దిష్టి తగుల్తాది. చిన్న చుక్క పెట్టు."

అది కూడా తెలుసు ఈమెకు. చుక్క లేని ఆ చెంపను ఇరవై రెండేళ్ళుగా చూస్తూ ఉంది.

"ఏ చెంపకవ్వా?"

మా అత్త నా వైపు చూసింది.

"ఎడమ చెంపకు" అన్నాను. "చిన్నది కాదన్నా. కొంచిం పెద్దదే పెట్టు."